ముగ్గురు మేనత్తల దారి

1984 మే నెలలో ఒక తెల్లవారుజామున, బరంపురంలోని మా ఇంటి నుంచి పాత అంబాసిడర్ కారులో పదిమందిమి బయలుదేరాం. తప్తపాణి ఘాటు ఎక్కి, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ మీదుగా జయపురం వరకు వెళ్ళి, సుంకి ఘాటు దిగి సాలూరు, విజయనగరం, ఇచ్ఛాపురం దారిన పదకొండో రోజు రాత్రికి ఇల్లు చేరుకున్నాం. ఆ పదిమందిలో ఏడుగురం పిల్లలం. పెదనాన్నగారి పిల్లలు ఇద్దరు, చిన్నాన్నగారి పిల్లలు ఇద్దరు, మేం ముగ్గురం. అందరిలోకీ పెద్దవాడైన అన్నయ్యకు పద్నాలుగేళ్ళు, అందరిలోకీ చిన్నదైన చిన్నాన్నగారి అమ్మాయికి నాలుగేళ్ళు, నాకు పదేళ్ళు. ఆ తరువాత ఎన్నో దూరాలు తిరిగాను. అయినా ప్రయాణం అనే మాట వినగానే ఇప్పటికీ నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఎండకు కాగిన రెగ్జిన్ సీటు వాసన, దానిలో కలిసిపోయిన కొత్త ఆవకాయ నూనె వాసన.

ఆ ప్రయాణం నాయనమ్మ కోరి పెట్టుకున్నది. ఆమె పెద్ద కూతురిని పర్లాకిమిడికి, రెండో కూతురిని గుణుపురానికి, ఆఖరి కూతురిని జయపురానికి ఇచ్చారు. పురుళ్ళకూ పెళ్ళిళ్ళకూ వాళ్ళే పుట్టింటికి వచ్చి వెళ్ళేవారు గానీ, నాయనమ్మ వాళ్ళ కాపురాలు చూడడానికి వెళ్ళింది బహు తక్కువ. జయపురమైతే అసలు వెళ్ళనేలేదు. ఆ ఏడాది సంక్రాంతి వెళ్ళాక, ఆమె రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదురుతున్నాయని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ అంటే ఆమెకు భయం. ఆనాటి నుంచి నాన్న కనిపించినప్పుడల్లా ఒకటే మాట అనేది: “బాబూ, సూపుండగానే ముగ్గురు గుంటల్నీ ఆళ్ళాళ్ళ పొయ్యిల కాడ ఓపాలి సూసొచ్చేస్తాన్రా.” ఇంటి దగ్గర చూస్తానని అనలేదు, పొయ్యి దగ్గర చూస్తానని అంది. ఆ తేడా అప్పుడు నాకు తెలియలేదు.

నాయనమ్మ పుట్టినప్పుడు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్ళింది. ఆ సంగతి ఎవరైనా అడిగితే ఆమె, “మేం ఇల్లు కదల్లేదు, జిల్లాయే కదిలిపోనాది” అనేది. మేం బళ్ళో ఒడియా చదివి, వీధిలో ఒడియాలో ఆడుకొని, గుమ్మం దాటి లోపలికి వచ్చాక తెలుగులోకి మారిపోయేవాళ్ళం. తెలుగు అక్షరాలు మాకు బడి నేర్పినవి కావు, మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనమ్మ పలక మీద దిద్దించినవి. ముగ్గురు అత్తల ఊళ్ళూ అలాంటివేనని, సర్కారు పని ఒక భాషలో, వంటింటి పని మరొక భాషలో నడిచే ఊళ్ళేనని విన్నాం గానీ, కళ్ళారా చూసింది ఆ వేసవిలోనే.

నాన్నది పట్టుచీరల వ్యాపారం. అంచున గుడి గోపురాల వరుస నేసే మా బరంపురం పట్టుచీరలను నేతగాళ్ళ దగ్గర తీసుకొని చుట్టుపక్కల ఊళ్ళకు వేసేవారు. కారు అంతకు ముందు ఏడాది ఒక బియ్యం వ్యాపారి అమ్మేస్తుంటే కొన్నారు. గేరు కాడ స్టీరింగు పక్కన ఉండడం వల్ల ముందు సీటు అడ్డంగా ఒకే బల్లలా ఉండేది. నాన్న, నాయనమ్మ, వాళ్ళ మధ్య ఇద్దరు చిన్నపిల్లలు ముందు కూర్చునేవారు. వెనకాల అమ్మా, మిగిలిన అయిదుగురమూ. ఇరుకని ఎవరికీ అనిపించలేదు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా ఎలా కూర్చోవాలో మొదటి ఇరవై మైళ్ళలోనే ఒంటికి అలవాటైపోయింది. పైన క్యారియర్ మీద పరుపుచుట్టలు, ట్రంకుపెట్టె, టార్పాలిన్. ముందు బంపరుకు కాన్వాసు నీళ్ళసంచి. డిక్కీలో, బియ్యపు గోనెసంచుల మధ్య కదలకుండా కుదించిన మూడు ఆవకాయ జాడీలు. ఒక్కో జాడీ మూతికి నాయనమ్మ పాత పంచెగుడ్డతో వాసెన కట్టి, పసుపుతో గుర్తులు పెట్టింది. ఒక చుక్క పెద్దత్తది, రెండు చుక్కలు గుణుపురం అత్తది, మూడు చుక్కలు జయపురం అత్తది. మూడూ ఒకే రోజు, ఒకే కాయతో, ఒకే చేత్తో కలిపినవి కాబట్టి గుర్తులు ఎందుకని అమ్మ అడిగితే, “ఎవులిది ఆళ్ళది” అంది.

బయలుదేరే ముందు రోజు నాన్న పిల్లలందరినీ అరుగు మీద వరుసగా కూర్చోబెట్టి తలా ఒక పని అప్పగించారు. అన్నయ్యకు మైలురాళ్ళు చదివి దూరం లెక్క రాయడం. పెద్దక్కకు నీళ్ళసంచి నింపించడం. తమ్ముడికి, ఎక్కడ ఆగి బయలుదేరినా తలలు లెక్కపెట్టి “ఏడు” అని గట్టిగా చెప్పడం. నాకు అడ్డుదిమ్మ ఇచ్చారు. వడ్రంగి చేత వేపకర్రతో చెక్కించిన ముక్కోణపు దిమ్మ అది. ఒక పక్క మొనదేలి, మరో పక్క జానెడు ఎత్తు ఉండేది. వెనక వైపు రంధ్రం చేసి మూరెడు కొబ్బరితాడు కట్టారు. ఘాటు మీద బండి ఆగితే వెనక్కి జారకుండా చక్రం కింద పెట్టడానికి లారీ క్లీనర్ల దగ్గర ఇలాంటిదే ఉంటుంది. మగపిల్లలు నలుగురున్నా నాన్న ఆ పని నాకే ఎందుకు ఇచ్చారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ పదకొండు రోజులూ, కారులో ఉన్నంతసేపూ, దానిని నా కాళ్ళ దగ్గర నుంచి కదలనివ్వలేదు.

దిగపహండి దాటేసరికి తెల్లవారింది. అక్కడి నుంచి, బరంపురానికి యాభై కిలోమీటర్ల దూరంలోని తప్తపాణి దగ్గరపడుతుండగా దారి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. సాలవృక్షాలు రెండు వైపుల నుంచీ దారి మీదికి వంగి, వేసవిలోనూ చల్లగా ఉండే చోటు. మూడో మలుపులోనో నాలుగో మలుపులోనో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నాన్న బ్రేకు మీద కాలు ఉంచి, వెనక్కి తిరగకుండానే “దిమ్మ పెట్టమ్మా!” అన్నారు. తలుపు తీసి దూకి, వెనక కుడి చక్రం కింద మొన లోపలికి ఉండేలా దిమ్మ తోసి, చెయ్యి లాగేసుకున్నాను. నాన్న మెల్లగా బ్రేకు వదిలారు. చక్రం దిమ్మ మీదికి ఒక అంగుళం ఎక్కి, కిర్రుమని, ఆగింది. అంత పెద్ద బండి, అందులోని తొమ్మిదిమందీ, మూడు జాడీలూ ఒక్క వేపచెక్క మీద నిలబడి ఉన్నట్టు తోచి, దాని పక్కనే గొంతుక్కూర్చున్నాను. పెట్రోలు పంపు వేడెక్కి, లోపలి పెట్రోలు ఆవిరైపోయి దారి మూసేసిందని నాన్న చెప్పారు. అమ్మ తువ్వాలు నీళ్ళలో ముంచి ఇస్తే దానిని పంపు మీద కప్పి, ఇరవై నిమిషాలు ఊరుకోవాలని అన్నారు. నాన్న బండి ఆగినప్పుడు విసుక్కోవడం నేను ఎన్నడూ చూడలేదు. పిల్లలందరినీ బానెట్ చుట్టూ నిలబెట్టి ఏ గొట్టం ఎక్కడికి వెళుతుందో చూపించేవారు. ఆ ఇరవై నిమిషాల పాఠాల వల్లే కాబోలు, చిన్నాన్నగారి అబ్బాయి తరువాత మెకానికల్ ఇంజనీరింగులో చేరాడు.

తప్తపాణిలో గంధకం వాసన ముందు వచ్చింది, నీళ్ళు తరువాత కనిపించాయి. ఊట దగ్గర కంధి అమ్మవారి గుడి ఉంది. చెరువులోకి వచ్చేసరికి కాస్త చల్లారిన నీళ్ళలో నాయనమ్మ మోకాళ్ళ వరకు కాళ్ళు పెట్టుకొని గంటసేపు లేవలేదు. మేం మెట్ల మీద అరిటాకులు పరచుకొని పులిహోర, వడియాలు, దబ్బకాయ ఊరగాయ తిన్నాం. మధ్యాహ్నం చంద్రగిరి దగ్గర ఒక్కసారిగా రంగురంగుల గుడ్డజెండాలు, మొక్కజొన్న చేలు, మేం ఎప్పుడూ చూడని ముఖాలు ఎదురయ్యాయి. టిబెట్ నుంచి వచ్చినవారికి 1963లో అక్కడ నివాసాలు ఇచ్చారని, వాళ్ళ గురువైన దలైలామా 1959లో మన దేశానికి వచ్చారని నాన్న చెప్పారు. నాయనమ్మ అదంతా విని, వాళ్ళ ఊరికి ఇక్కడి నుంచి ఎన్నాళ్ళ దారి అని అడిగింది. నడిచి వచ్చారంటే నెలల దారి అయ్యుంటుందన్నారు నాన్న. ఆమె కారు ఆపించి, బావి దగ్గర ఉన్నిగుడ్డ నేస్తున్న తన వయసు ఆవిడకు నమస్కారం పెట్టి వచ్చింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆవిడ మా చెల్లి బుగ్గ నిమిరింది.

పర్లాకిమిడి చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. గుమ్మంలో కాళ్ళు కడుక్కున్నాక, మంచం వాల్చి కూర్చోమన్నా వినకుండా నాయనమ్మ నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. దిమ్మ చేతిలో ఉండగానే నేనూ వెనకాల వెళ్ళాను. కట్టెలపొయ్యి, మసిబారిన గోడ, ఉట్టి మీద పాలకుండ. ఆమె కళ్ళు చిట్లించి ఒక్కొక్కటీ చూసి, చేత్తో తడిమి, ఆఖరికి పొయ్యికి కుడిపక్కన గూట్లో ఉన్న ఉప్పుజాడీ మీద చెయ్యి వేసి నిలబడింది. బరంపురంలో మా ఇంట్లోనూ ఉప్పుజాడీ పొయ్యికి కుడిపక్కనే, కూర్చున్న చోటి నుంచి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండేది. “ఉప్పు నానెట్టుకున్న కాడే ఎట్టుకున్నావు” అంది. పెద్దత్త నవ్వి, “నువ్వు నేర్పిందే కదమ్మా” అంది. అప్పుడు నాయనమ్మ కూర్చుంది. ఒక చుక్క జాడీ వాసెన విప్పారు.

అక్కడ మూడు రోజులున్నాం. పెద్దత్తగారింటి మామయ్య బడిపంతులు. సాయంత్రాలు పిల్లలందరినీ వెంటేసుకొని ఊరంతా తిప్పేవారు. మహేంద్రతనయ ఒడ్డుకు తీసుకెళ్ళి, అవతల కనిపించే పాతపట్నం ఆంధ్ర అని చూపించారు. నీలమణి దుర్గ గుడికి వెళ్ళి కుంకుమ పెట్టుకొని వస్తే, రాష్ట్రం దాటి వచ్చామని చెల్లెలు పక్కింటివాళ్ళందరికీ చెప్పుకుంది. పశువుల కొమ్ముతో దువ్వెనలూ కొంగలూ చేసే ఇంటికీ తీసుకెళ్ళారు. వేడి చేసిన కొమ్ము మైనంలా వంగడం, చల్లారాక రాయిలా గట్టిపడడం అక్కడ చూశాం. అన్నిటికంటే నా మనసులో నిలిచింది మామయ్య ఒక వీధి మొదట్లో ఆగి చెప్పిన సంగతి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880 ప్రాంతంలో ఈ ఊరి బడిలో పంతులుగా చేరి, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకొని, ఆ పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారట. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయట. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఇక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారట. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. “పంతులుగారు వెళ్ళిపోయారు, మా నాన్నలాంటివాళ్ళు ఉండిపోయారు. ఇద్దరిదీ తెలుగు మీద ప్రేమే” అన్నారు మామయ్య. ఆ మాట నేను చాలాకాలం మోసుకు తిరిగాను. ఇప్పుడు ఇలా తెలుగులో రాయగలుగుతున్నానంటే, ఉండిపోయిన వాళ్ళింట్లో ఎవరో ఒకరు మధ్యాహ్నాలు పలక పట్టుకొని కూర్చోవడం వల్లనే.

పర్లాకిమిడి నుంచి గుణుపురానికి పిల్లలం చిన్న రైలులో వెళ్ళాం. నాలుగేళ్ళ చెల్లి మాత్రం అమ్మ ఒళ్ళో కారులోనే ఉంది, మామయ్య మాతో వచ్చారు. పట్టాల మధ్య రెండున్నర అడుగుల వెడల్పే ఉండే ఆ దారిని పర్లాకిమిడి రాజావారు వేయించారు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో, అక్కడి నుంచి గుణుపురానికి 1931లో రైలు వచ్చింది. పెట్టెలు ఎంత చిన్నవంటే, ఎదురు సీట్లలో కూర్చున్న అన్నయ్య మోకాళ్ళు నా మోకాళ్ళకు తగిలేవి. బొగ్గు ఇంజను. కిటికీలోంచి తల బయటపెట్టిన ప్రతివాడి కంట్లోనూ నలుసు పడింది, మామయ్య పంచె అంచుతో ఒక్కొక్కరి కన్నూ ఊదుతూనే ఉన్నారు. రోడ్డు పట్టాల పక్కకు వచ్చిన చోటల్లా మా కారు కనిపించేది. నాన్న హారను కొట్టేవారు, డ్రైవరు కూత వేసేవాడు, మేం అరిచేవాళ్ళం. కాశీనగరం దగ్గర రైలు ఆగినప్పుడు కారు ముందుకు వెళ్ళిపోయింది. ఆ కాసేపూ నా దిగులంతా దిమ్మ గురించే, నేను లేని కారు ఎక్కడైనా వాలులో ఆగితే ఎవరు పెడతారని. ఆ చిన్న పట్టాలు 2004లో ఆగిపోయాయి, ఇప్పుడు అదే దారిలో పెద్ద రైలు గుణుపురం వరకు నడుస్తోంది. మంచిదే, జనానికి సుఖం. ఆ కూత మాత్రం మళ్ళీ ఎక్కడా వినలేదు.

గుణుపురం అత్త ఇంట్లో రెండు రోజులే ఉన్నాం. వంశధారలో వేసవి నీళ్ళు మా నడుముల వరకే ఉన్నాయి. పొద్దున్నా సాయంత్రమూ ఇసుకలోనే మా కాపురం. అక్కడా నాయనమ్మ ముందు వంటింట్లోకే వెళ్ళింది. కిరసనాయిలు స్టవ్వు కొత్తగా కొన్నారు, గట్టు మీద నిలబడి వండుతున్నారు. అయినా ఉప్పుజాడీ కుడిపక్కనే ఉంది. రెండు చుక్కల జాడీ దించారు. అత్త, నాయనమ్మ ఆ రాత్రి పెరట్లో మంచాలేసుకొని ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, పొద్దున్న ఇద్దరి కళ్ళూ ఉబ్బి ఉన్నాయి.

రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకొని, తెలిసినవాళ్ళ ఇంట్లో పడుకొని, మర్నాడు పొద్దున్నే లక్ష్మీపూర్ దారి పట్టాం. కొండల మధ్య గంటన్నర వెళ్ళాక డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది. బానెట్ తెరిస్తే ఫ్యాన్ బెల్టు తెగి వేలాడుతోంది. ఆ బెల్టు లేకపోతే ఫ్యాను తిరగదు, నీళ్ళపంపు తిరగదు, డైనమో తిరగదు. స్పేరు బెల్టు బరంపురంలో కొట్టు బల్ల మీదే మరచి వచ్చామని నాన్నకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఏమీ అనలేదు గానీ ముఖం చిన్నబోయింది. నేను దిమ్మ పెట్టి వచ్చాను. దాదాపు పది గంటలకు రాయగడ వెళ్ళే బస్సొకటి వచ్చింది. నాన్న తెగిన బెల్టు ముక్కను కొలత కోసం కండక్టరు చేతికిచ్చి, ఒక యాభై రూపాయల నోటు ఇచ్చి, తెచ్చిపెట్టమని అడిగారు. అతను బెల్టును భుజానికి తగిలించుకొని, సాయంత్రం తిరుగు ట్రిప్పులో తెస్తానని చెప్పి ఎక్కాడు. అతని పేరు కూడా మేం అడగలేదు.

దారి పక్క చింతచెట్టు కింద దుప్పట్లు పరిచాం. కాస్త కింద ఒక కొంధు గిరిజనుల ఊరు ఉంది. ఎదురెదురుగా రెండే వరుసల్లో ఒకదానికొకటి ఒత్తుగా అంటుకొని ఉన్న ఇళ్ళు, మధ్యలో వెడల్పైన వీధి. ముందు పిల్లలు వచ్చి దూరంగా నిలబడ్డారు, ఆ వెనకాల ఆడవాళ్ళు వచ్చారు. ఒక ముసలమ్మ మమ్మల్ని వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, ఒడియాలో “ఎతె పిలా!” అంది, ఇంతమంది పిల్లలా అని. నాయనమ్మ తన గుండె మీద చెయ్యి పెట్టుకొని, అందరూ నావాళ్ళేనన్నట్టు చూపించింది. ముసలమ్మ వెళ్ళి, ఎండిన సొరకాయ బుర్రలో చోడంబలి, అంటే రాగి అంబలి, తెచ్చింది. మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. నాయనమ్మ దోసిలి పట్టి తాగి, మూతి తుడుచుకొని, “మా అమ్మ కాసినట్టే ఉంది, తాగండి” అంది. పులిసిన వాసన ముందు ముక్కుకు తగిలింది, తరువాత గొంతు నుంచి కడుపు దాకా చల్లగా దిగింది. ఏడుగురం తాగాం. బుర్ర ఖాళీ అయ్యాక ముసలమ్మ మళ్ళీ నింపి తెచ్చింది.

అప్పుడు నాయనమ్మ డిక్కీ తీయించింది. మిగిలింది జయపురం అత్త జాడీ ఒక్కటే. మూడు చుక్కల వాసెన విప్పి, అడ్డాకులో నాలుగు గరిటెల ఆవకాయ తీసి ముసలమ్మకు ఇచ్చింది. ముసలమ్మ నూనె వేలికి అంటించుకొని నాకి, కళ్ళు గట్టిగా మూసుకొని, అంత కారానికీ నవ్వింది. వాళ్ళ భాష కువి అని, అదీ మన తెలుగూ ఒకే కుటుంబానికి చెందినవని నేను చాలా ఏళ్ళ తరువాత చదివాను. ఆ మధ్యాహ్నం ఆ ఇద్దరూ ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకుంటూ, ఒకరికొకరు తల ఊపుకుంటూ, చింతచెట్టు మొదట్లో ఆనుకొని చాలాసేపు కూర్చున్నారు. మగపిల్లలు ఊరి పిల్లలతో కలిసి సైకిలు చక్రం దొర్లిస్తూ కొండ దిగి మాయమయ్యారు. తమ్ముడు గంటకోసారి కేకేసి లెక్కపెట్టబోయి ప్రతిసారీ పన్నెండు, పదిహేను అని చెప్పేవాడు. అమ్మ కూడా అతన్ని సరిచెయ్యడం మానేసింది. పనసపండు ఒకటి వచ్చింది, నిప్పుల్లో కాల్చిన పనసపిక్కలు వచ్చాయి. నా పదకొండు రోజుల్లోకీ అతి పొడుగైన రోజు అదే, ఒక్కరోజు మళ్ళీ ఇస్తామని ఎవరైనా అంటే నేను అడిగేదీ అదే.

పొద్దు కొండ మీద ఉండగా బస్సు వచ్చి మా ముందు ఆగింది. కండక్టరు దిగి, న్యూస్‌పేపరులో చుట్టిన కొత్త బెల్టు నాన్నకు ఇచ్చి, చొక్కా జేబులోంచి చిల్లర తీసి లెక్కపెట్టి అరచేతిలో పోశాడు. టీ తాగమని నాన్న ఎంత బతిమాలినా తీసుకోలేదు, వెనకాల బస్సులో జనం ఉన్నారని విజిల్ వేసుకుంటూ ఎక్కేశాడు. బెల్టు బిగించడానికి అరగంట పట్టింది. బయలుదేరేటప్పుడు ముసలమ్మ ఖాళీ బుర్ర పట్టుకొని రోడ్డు వరకు వచ్చింది. తమ్ముడు లెక్కపెట్టి “ఏడు” అన్నాడు.

కోరాపుట్‌లో కొండ మీది జగన్నాథుని గుడిలో ప్రసాదం తిన్నాం. 1972లో పూర్తయిన ఆ గుడిని శబర శ్రీక్షేత్రమంటారు. అక్కడి నుంచి ఘాటు దిగితే జయపురం. రాజుల కోటగోడ, పెద్ద చెరువు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి లక్షల్లో విరాళమిచ్చిన విక్రమదేవవర్మ మహారాజుగారు ఈ ఊరివారేనని నాన్న చెబుతుండగానే అత్తగారి వీధి వచ్చేసింది. పర్లాకిమిడి ఇప్పుడు గజపతి జిల్లా, గుణుపురం రాయగడ జిల్లా, రెండూ 1992లో వచ్చినవి. అప్పుడు మాత్రం గుణుపురం నుంచి జయపురం దాకా అంతా కోరాపుట్ జిల్లాయే, మూడు రోజులు నడిచినా తరగని జిల్లా.

జయపురం అత్తది ఎడమచేతి వాటం. ఆమె చిన్నతనంలో అన్నం ఎడమచేత్తో తిన్నదని, వడ్డన ఎడమచేత్తో చేసిందని నాయనమ్మ చాలా కొట్టేదట. ఒక వేసవంతా ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టేసిందని మా నాన్నే ఒకసారి అమ్మతో అనగా విన్నాను. బరంపురం వచ్చినప్పుడు అత్త ఎప్పుడూ కుడిచేత్తోనే మెల్లగా, తడబడుతూ వడ్డించేది. ఈ ఇంట్లో నాయనమ్మ వంటింటి గుమ్మంలోకి వెళ్ళేసరికి అత్త మేం వచ్చిన చప్పుడు వినలేదు. ఎడమచేత్తో గరిటె తిప్పుతూ, పొయ్యికి ఎడమపక్కన ఉన్న జాడీలోంచి చూడకుండానే ఉప్పు తీసి, చిటికె విదిల్చి పప్పులో వేస్తోంది. ఎంత వేగంగా, ఎంత అందంగా చేస్తోందో. నాయనమ్మ గుమ్మం పట్టుకొని అక్కడే నిలబడిపోయింది. అత్త తిరిగి చూసి, గరిటెను చప్పున కుడిచేతిలోకి మార్చుకుంది.

“మార్సకే. అలాగే కలుపు” అంది నాయనమ్మ.

“ఇక్కడ మా అత్తగారు ఏమీ అనరమ్మా. అందరికీ అలవాటైపోయింది” అంది అత్త తల వంచుకొని.

నాయనమ్మ ఆ మాటకు జవాబు చెప్పలేదు. పీట వాల్చుకొని పొయ్యి ఎదుటే కూర్చొని, కంచం తీసుకొని ముందుకు చాపింది. అత్త కాసేపు అలాగే ఉండి, ఎడమచేత్తో అన్నం పెట్టి, ఎడమచేత్తో పప్పు పోసింది. మూడు చుక్కల జాడీ వెలితిగా ఎందుకుందో నాయనమ్మ అన్నం తింటూ చెప్పింది. సొరకాయ బుర్ర, ముసలమ్మ, కళ్ళు మూసుకొని నవ్వడం, అన్నీ చెప్పింది. “నీ వాటా ఇచ్చేశానే” అంటే అత్త, “నా వాటా కాబట్టే ఇచ్చావు, అక్కలదైతే ఇచ్చేదానివా” అని నవ్వింది. ఆ తల్లీకూతుళ్ళు అంత తేలికగా మాట్లాడుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. నాయనమ్మ కళ్ళకు మరుసటి ఏడాది ఆపరేషన్ అయింది, చూపు బాగానే వచ్చింది. మళ్ళీ ఘాటు మాత్రం ఎక్కలేదు.

పదకొండో రోజు చీకటితోనే బయలుదేరాం. పొట్టంగి దాటి సుంకి ఘాటు దిగుతున్నప్పుడు బ్రేకులు కాలిన వాసన వచ్చి, నాన్న ఒక వెడల్పైన మలుపులో బండి ఆపారు. దిగుడు కాబట్టి దిమ్మ ఈసారి ముందు చక్రానికి ముందు పెట్టాలి. అప్పటికి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నాయనమ్మ దిగి నా భుజం పట్టుకొని, కొండ అంచున నిలబడింది. కింద సాలూరు వైపు మైదానం పొగమంచులో ఉంది. ఆమె అటు చూడలేదు, మేం దిగి వచ్చిన వైపు తిరిగింది.

“జేపురం ఎటుందే?” అంది. నాకు తెలిసినంతలో వేలు చూపించాను. కొండల మీద కొండలే తప్ప ఏమీ లేదు. ఆమె చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకొని అటే చాలాసేపు చూసింది.

“ఎడం పక్కనెట్టుకుంది ఉప్పు” అంది మెల్లగా. నాతో అనలేదు. తరువాత కొంగుతో ముఖం తుడుచుకొని, కారు తలుపు పట్టుకొని ఎక్కుతూ, “ఇంక దిమ్మ తియ్యే, గుంటా” అంది.

నాన్న బ్రేకు మీద కాలు పెట్టి, తల ఊపారు. నేను రెండు చేతులతో తాడు పట్టుకొని లాగాను.